మాస్టారి ఫోటో ఎవరి గదిలో ఉండాలి?



ఏదైనా ఒక ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఆంగ్ మో కియో ఎమ్మార్టీ స్టేషన్ గేటు దగ్గర నిలబడి చూడండి. తెల్ల డ్రస్సు సంచిలో మడిచి పెట్టుకున్న మన తెలుగు కుర్రాళ్ళు ఇరవై, ముప్ఫై మంది దిగుతారు. కార్డు కొట్టి బయటికి వచ్చాక సగం మంది టౌన్ గార్డెన్ వెస్ట్ మెట్ల వైపు వెళతారు. మిగతా సగం బిషాన్ - ఆంగ్ మో కియో పార్కు వైపు వెళతారు. వచ్చింది ఒకే రైల్లో. కొందరు పడుకునేది ఒకే డార్మిటరీలో, ఒకే గదిలో పైమంచం, కిందమంచం. అయినా గేటు దాటాక ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

మూడేళ్ళ క్రితం వీళ్ళందరూ ఒకే వరసలో నిలబడి ఒకే మాస్టారికి వంగి నమస్కారం పెట్టినవాళ్ళే. అందులో నేనూ ఒకణ్ణి.

మాస్టారి పేరు రాయను. ఆయనకు పేపర్లో పేరు పడటం ఇష్టం ఉండేది కాదు. శ్రీకాకుళం జిల్లా మనిషి, షిప్‌యార్డులో రిగ్గరు. చిన్నప్పుడు ఊళ్ళో సాముగరిడీ తిప్పాడు, తర్వాత విశాఖలో షోటోకాన్ కరాటే నేర్చాడు. సింగపూర్ వచ్చిన కొత్తలో ఆదివారం తాగి పడుకునే కుర్రాళ్ళను చూసి నలుగుర్ని పోగేసి టౌన్ గార్డెన్‌లో మొదలుపెట్టాడు. ఆ నలుగురు నలభై అయ్యారు. ఒక్క డాలరు తీసుకోలేదు. ఆయన మంచితనం ఒక కారణం, ఇంకో కారణం కూడా ఉంది. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనిషి పర్మిట్‌లో రాసిన పని తప్ప ఇంకో సంపాదన చెయ్యకూడదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. "నేర్పితే పుణ్యం, అమ్మితే కేసు" అని నవ్వేవాడు.

డబ్బు ముట్టుకునేది ఒక్క దానికే. ఒక నోటు పుస్తకం ఉండేది. నెలకు మనిషికి పది డాలర్లు. ఎవరికైనా దెబ్బ తగిలినా, ఇంటి దగ్గర ఎవరైనా పోయినా, టిక్కెట్టుకు డబ్బు లేకపోయినా అందులోంచి ఇచ్చేవారు. ఎవరికి ఎంత ఇచ్చిందీ ఆయన గుండ్రటి అక్షరాలతో రాసేవారు. నా పేరు కూడా అందులో ఒకసారి ఉంది, మా నాన్న పోయినప్పుడు.

సెలవు మీద ఇంటికి వెళ్ళిన మాస్టారు తిరిగి రాలేదు. గుండె ఆగిపోయింది. వార్త వచ్చిన మూడో వారానికి గొడవ మొదలైంది.

గొడవ ఏమిటంటే చెప్పడానికి సిగ్గేస్తుంది. మొదటి నుంచీ ఉన్న పెద్ద శిష్యుడు ఒకాయన, మాస్టారి తర్వాత క్లాసు నడపాల్సింది నేనే అన్నాడు. మాస్టారి బావమరిది కూడా మన క్లాసులోనే ఉన్నాడు. ఆయన, ఇంటివాణ్ణి నేనుండగా బయటివాడేమిటి అన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ కరాటే వచ్చు. మధ్యలో ఉన్న మాలాంటి వాళ్ళం చెరో మాటా అని మంట పెంచాం. ఆ తర్వాత బ్యానర్ ఎవరిది, గోడకు పెట్టే మాస్టారి ఫోటో ఎవరిది, నోటు పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి, బెల్టు మీద సంతకం ఎవరు పెట్టాలి అని ఒక్కొక్కటీ పుట్టుకొచ్చింది. మొదటి సంవత్సరీకం రెండుసార్లు జరిగింది. ఒక వర్గం తిథి ప్రకారం, ఇంకో వర్గం తారీకు ప్రకారం. ఆ రెండింటికీ మధ్య కొన్ని రోజుల తేడా. అదే ఫోటో, అదే చామంతి దండ, అదే పులిహోర. ఊళ్ళో ఉన్న మాస్టారి భార్యకు రెండు వర్గాల వాళ్ళూ వీడియో పంపారట. ఆవిడ ఏమనుకుని ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇదంతా చదివి "ఇదేం పెద్ద విషయమయ్యా, నలభై మంది కరాటే పిల్లల తగువు" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసమే ఈ వ్యాసం కాస్త పొడుగు రాస్తున్నాను. ఈ తగువు మన దగ్గర పుట్టింది కాదు. చాలా పెద్ద పెద్ద గురువుల ఇళ్ళల్లోనే పుట్టింది.

మనం నేర్చుకునేది షోటోకాన్. దాని మూలపురుషుడు గిచిన్ ఫునాకోషి. ఒకినావా ద్వీపంలో బడిపంతులు. 1922లో టోక్యో వెళ్ళి కరాటే ప్రదర్శించి, అక్కడే ఉండిపోయి జపాన్ మొత్తానికి ఆ విద్యను పరిచయం చేసిన మనిషి. కవిత్వం రాసేటప్పుడు "షోటో" అని పేరు పెట్టుకునేవాడు. పైన్ చెట్ల మీద గాలి వీస్తే అలలాగా వచ్చే చప్పుడు అని దాని అర్థం. శిష్యులు చందాలు వేసి కట్టిన హాలుకు "షోటో ఇల్లు" అనే అర్థంలో షోటోకాన్ అని పేరు పెట్టారు. 1945 బాంబు దాడుల్లో ఆ ఇల్లు బూడిదైపోయింది. తన తర్వాత నడిపిస్తాడనుకున్న కొడుకు గిగో కూడా ఆ ఏడాదే జబ్బుతో పోయాడు. కరాటేలో ఈ శైలి, ఆ శైలి అని పేర్లు పెట్టుకుని విడిపోవడం ఫునాకోషికి నచ్చేది కాదు. కరాటే అంతా ఒకటే అనేవాడు.

ఆయన 1957 ఏప్రిల్ 26న పోయాడు. అంత్యక్రియలు ఎవరు జరిపించాలి అనే దగ్గరే శిష్యులు తగువులాడుకున్నారు. కుటుంబం ఆ బాధ్యత షోటోకాయ్ అనే సంఘానికి అప్పగించింది. 1949లో ఏర్పడిన జపాన్ కరాటే అసోసియేషన్ వాళ్ళు అందుకు ఒప్పుకోక అంత్యక్రియలకే దూరంగా ఉండిపోయారు. గురువుగారి శవం ముందు కూడా కలిసి నిలబడలేకపోయారు. ఆ చీలిక ఈనాటికీ అలాగే ఉంది. మన తిథి - తారీకు గొడవకు ఇది పెద్దన్న అన్నమాట.

అంతటితో అయిపోలేదు. ఆ అసోసియేషన్‌ను ప్రపంచమంతా విస్తరింపజేసిన నకయామా మాస్టారు 1987లో పోయాక అదీ రెండుగా చీలింది. పేరు మాదంటే మాదని కోర్టుకెక్కారు. 1999లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా దావా నడిచింది. గెలిచినవాళ్ళకు పేరు మిగిలింది, ఓడినవాళ్ళు వేరే పేరు పెట్టుకున్నారు. మధ్యలో ఎన్నో ఏళ్ళు ఒకే పేరు మీద రెండు దుకాణాలు నడిచాయి. బెల్టు కట్టుకున్న కుర్రాడికి నాది అసలుదా, నకిలీదా అనే అనుమానం తప్ప వచ్చిన లాభం ఏముంది?

ఇంకో విచిత్రం చెబుతాను. అయికిడో విద్యను స్థాపించిన మొరిహే ఉయేషిబా పోయింది 1969 ఏప్రిల్ 26న. క్యోకుషిన్ కరాటే స్థాపించిన మాస్ ఒయామా పోయింది 1994 ఏప్రిల్ 26న. ముగ్గురు మూలపురుషులు, ఒకే తారీకు. ముగ్గురి ఇళ్ళూ తర్వాత చీలాయి. తారీకు దోషం అనుకునేరు, దోషం తారీకుది కాదు.

ఈ మూడు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. మన దగ్గర అందరూ అనే మాట ఒకటుంది: "మాస్టారు ఎవరో ఒకరి పేరు చెప్పి పోయుంటే ఈ గొడవ ఉండేది కాదు." నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను. అది తప్పు.

ఒయామా పేరు చెప్పే పోయాడు. ఊపిరితిత్తుల కాన్సర్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు వీలునామా చెప్పి రాయించాడు, అందులో వారసుడిగా మత్సుయి అనే శిష్యుడి పేరు ఉంది. మత్సుయికి అప్పటికి ముప్ఫై దాటి ఏడాదో, రెండేళ్ళో. అతనికంటే ఎంతో సీనియర్లు ఉన్నారు. కుటుంబం ఆ వీలునామాను ఒప్పుకోలేదు. 1995లో టోక్యో కుటుంబ న్యాయస్థానం అది చెల్లదంది. కొందరు మత్సుయితోనే ఉన్నారు, కొందరు ఒయామా భార్య వెనక నిలబడ్డారు, ఇంకొందరు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. పేరు మీద, గుర్తు మీద హక్కుల కోసం ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. "అత్యంత సత్యం" అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్న సంఘం, ఏది సత్యమో తేల్చుకోలేక ముక్కలైంది.

సరే, కొడుక్కే ఇస్తే? ఉయేషిబా తర్వాత ఆయన కొడుకు కిషోమారు పెద్ద అయ్యాడు. ఐదేళ్ళు తిరిగేసరికి, 1974లో, ప్రధాన శిక్షకుడు కోయిచి తోహే రాజీనామా చేసి వెళ్ళి వేరే సంఘం పెట్టాడు. ఉయేషిబా చేతుల మీదుగా పదో డాన్ అందుకున్న మనిషి అతను. అతనితో పాటు చాలామంది వెళ్ళారు.

ఎవరి పేరూ చెప్పకపోతే? గోజుర్యు కరాటే స్థాపించిన మియాగి చోజున్ 1953లో అలాగే పోయాడు. ఆయన సామాను ఒక శిష్యుడి దగ్గరికి చేరింది, ఆయన కట్టుకున్న బెల్టు ఇంకో శిష్యుడికి అందింది. శిష్యులు ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకున్నారు. మాదే అసలు వారసత్వం అని నేటికీ వాదించేవాళ్ళు ఉన్నారు.

వీలునామా రాసినా చీలింది, రాయకపోయినా చీలింది, కొడుక్కిచ్చినా చీలింది. కాబట్టి పెద్ద శిష్యుడా, బావమరిదా అనే ప్రశ్నకు సరైన జవాబు దొరికితే మనం కలుస్తాం అనుకోవడం భ్రమ. ఆ ప్రశ్నకు జవాబే అక్కర్లేదు. నేను పెద్ద శిష్యుడి వర్గంలో ఉండి ఈ మాట రాస్తున్నాను. వచ్చే ఆదివారం మావాళ్ళు నన్ను ఏమంటారో నాకు తెలుసు.

చీలితే నష్టమేమిటి, చీలడం వల్లే కరాటే ప్రపంచమంతా పాకింది కదా అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే. విడిపోయిన ప్రతి శిష్యుడూ ఇంకో దేశంలో ఇంకో స్కూలు పెట్టాడు. కాని వాళ్ళు లక్షల మంది, మనం నలభై మందిమి. పైగా మనం ఇక్కడ పాతుకుపోయిన వాళ్ళం కాదు. పర్మిట్ రెన్యువల్ అయితే ఉంటాం, కాకపోతే పెట్టె సర్దుకుంటాం. ఈ ఏడాదే మా వైపు నుంచి ఆరుగురు ఇంటికి వెళ్ళిపోయారు, అవతల వైపు నుంచి ఐదుగురని విన్నాను. కొత్తగా వచ్చిన కుర్రాడు రెండు గుంపుల్ని చూసి "మీ గొడవ మీరు తేల్చుకోండన్నా" అని సెరంగూన్ రోడ్డు వైపు వెళ్ళిపోతున్నాడు. ఇలాగే ఇంకో రెండేళ్ళు జరిగితే వారసుడు ఎవరన్న సమస్యే ఉండదు. వారసత్వం తీసుకోవడానికి ఎవరూ మిగలరు.

అసలు నష్టం అదీ కాదు. పోయిన ఏడాది అవతల వర్గంలో ఒక కుర్రాడికి గ్రైండింగ్ మెషీన్ తగిలి చెయ్యి కోసుకుపోయింది. ఆస్పత్రి ఖర్చు కంపెనీ పెట్టుకుంది. కాని ఎంసీ మీద ఉన్న రోజుల జీతం చేతికి వచ్చేలోగా ఊళ్ళో ఏజెంటు అప్పుకు వడ్డీ కట్టాలి, ఇంట్లో బియ్యం కొనాలి. వాళ్ళ పుస్తకంలో అప్పుడు డబ్బు లేదు. మా పుస్తకంలో ఉంది. మాకు సంగతి తెలిసింది పదకొండు రోజుల తర్వాత, అది కూడా వాళ్ళెవరూ చెప్పలేదు, లిటిల్ ఇండియాలో టీ తాగుతుంటే వేరే కంపెనీ వాళ్ళు మాట్లాడుకోవడం విని. ఆ కుర్రాడూ నేనూ మూడేళ్ళు పక్కపక్కన నిలబడి కటా చేశాం. అతని చెయ్యి బ్లాక్ పెట్టేటప్పుడు కాస్త కిందికి జారేది, మాస్టారు ప్రతివారం దిద్దేవారు. ఆ చెయ్యే. నేను వెళ్ళి చూశాను కాని, పదకొండు రోజులు ఆలస్యంగా వెళ్ళి ఏం మాట్లాడతాం? "ఎలా ఉంది తమ్ముడూ" అన్నాను. "బాగుందన్నా" అన్నాడు. అంతే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది చెప్పక తప్పదు. రెండు గుంపులు అయ్యాక ఎవరి గుంపు పెద్దదో చూపించుకోవాలనే పోటీ పెరిగింది. బెల్టు పరీక్షకు ఇంత అని వసూలు చేయాలనే మాట రెండు వైపులా వినపడుతోంది. ఫీజు తీసుకున్న రోజు అది క్లాసు కాదు, పని. పర్మిట్ మీద ఉన్నవాడికి ఆ పని తలమీద కత్తి. సంఘం అని పేరు పెట్టి బోర్డు కట్టాలన్నా ఈ దేశంలో పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న సంఘం రిజిస్టర్ చేయించుకోవాలని చట్టం ఉంది. మాస్టారు బోర్డు ఎందుకు పెట్టలేదో ఇప్పుడు అర్థమవుతోంది. బోర్డు లేకుండా ఆయన బతికించిన దాన్ని మనం బోర్డు కోసం చంపుకుంటున్నాం.

మరి కలిసేదెలా? ఈ విషయంలో నాకు కాస్త ధైర్యం ఇచ్చింది టైక్వాండో కథ. ఆ విద్యకు ఆ పేరు రావడంలో ముఖ్యుడు జనరల్ చోయ్ హాంగ్ హి. 1966లో సియోల్‌లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టాడు. తర్వాత దక్షిణ కొరియా ప్రభుత్వంతో పడక 1972లో కెనడా వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాదే సియోల్‌లో ఇంకో ప్రపంచ సమాఖ్య పుట్టింది. ఒలింపిక్స్‌లో మనం చూసేది ఈ రెండో దాని టైక్వాండో. చోయ్ 2002 జూన్‌లో ప్యాంగ్యాంగ్‌లో పోయాడు. ఆయన సమాఖ్య మూడు ముక్కలైంది. ఉత్తర కొరియా మనిషి చాంగ్ ఉంగ్‌ది ఒకటి, చోయ్ సొంత కొడుకుది ఒకటి, కెనడాలో స్థిరపడిన వియత్నాం మనిషి ట్రాన్‌ది ఇంకొకటి. మూడింటికీ పేరు ఒకటే. ఆ మూడూ ఇప్పటికీ ఒకటి కాలేదు, ఉన్నమాట చెప్పాలి.

కాని 2014 ఆగస్టులో చైనాలోని నాన్‌జింగ్‌లో ఒక సంగతి జరిగింది. నలభై ఏళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు వైపుల నుంచి, అంటే సియోల్ సమాఖ్య తరఫున ఒకరు, చోయ్ పేరు చెప్పుకునే చాంగ్ ఉంగ్ వర్గం తరఫున ఒకరు, ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. కలిసిపోదాం అని కాదు ఆ కాగితంలో ఉన్నది. ఒకరినొకరు గుర్తిద్దాం, మీ పోటీకి మావాళ్ళు వస్తే మీ రూల్స్ ప్రకారం ఆడతారు, మా పోటీకి మీవాళ్ళు వస్తే మా రూల్స్ ప్రకారం ఆడాలి, అంతే. 2017లో ఉత్తర కొరియా జట్టు దక్షిణ కొరియా వెళ్ళి ప్రదర్శన ఇచ్చింది. 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభానికి ముందు రెండు జట్లూ ఒకే వేదిక మీద చేశాయి. మధ్యలో ముళ్ళకంచె, ఫిరంగులు ఉన్న రెండు దేశాల వాళ్ళు. మనకు మధ్యలో ఉన్నది ఆంగ్ మో కియో అవెన్యూ ఒకటి, రెండు సిగ్నల్ లైట్లు.

అధ్యక్షుడు ఎవరు అనే దగ్గర మొదలుపెట్టినవాళ్ళు కోర్టుల్లో తేలారు. నీ బెల్టు నేను ఒప్పుకుంటాను, నా బెల్టు నువ్వు ఒప్పుకో అనే దగ్గర మొదలుపెట్టినవాళ్ళు కనీసం ఒక వేదిక ఎక్కారు. మనమూ అక్కడే మొదలుపెడదాం అంటాను.

గార్డెన్ క్లాసు గార్డెన్‌లోనే ఉండనివ్వండి, పార్కు క్లాసు పార్కులోనే. నెలకు ఒక్క ఆదివారం మాత్రం అందరం ఒకచోట చేద్దాం, ఒక నెల వాళ్ళ దగ్గర, ఒక నెల మన దగ్గర. ఎవరి స్థలంలో చేస్తే వాళ్ళ పెద్ద నడిపిస్తాడు, అవతలి పెద్ద ఆ రోజు అందరితో పాటు వరసలో నిలబడతాడు. ఇది కష్టమైన భాగం, నాకు తెలుసు. మా పెద్దాయనను అడిగాను. జవాబు చెప్పలేదు. కాదని కూడా అనలేదు. మాస్టారు పోయాక ఎవరు ఇచ్చిన బెల్టయినా రెండు చోట్లా చెల్లాలి. అక్కడ ఆకుపచ్చ కట్టుకున్నవాణ్ణి ఇక్కడికి వస్తే పసుపు కట్టుకో అనకూడదు. ఫీజు మాట ఎవరూ ఎత్తకూడదు.

అన్నిటికంటే ముందు నోటు పుస్తకం. క్లాసులు రెండున్నా పుస్తకం ఒక్కటే ఉండాలి. రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరి సంతకం పడితే గాని డబ్బు కదలకూడదు. దెబ్బ తగిలిన కబురు పదకొండు రోజులకు కాదు, ఆ రాత్రికే అందరి ఫోన్లలో ఉండాలి. ఇంకేదీ కుదరకపోయినా ఇదొక్కటి కుదిరితే నాకు చాలు. కటా ఎవరి కటా వాళ్ళు చేసుకోండి.

పార్కు వర్గం పెద్దగారికి, అంటే మాస్టారి బావమరిదికి, ఇక్కడి నుంచే ఒక మాట. బావా, రెండేళ్ళుగా నిన్ను అలా పిలవలేదు. బ్యానర్ మీద మీ గుంపు గురించి నేను అన్న మాట నీ చెవిన పడిందని విన్నాను. అది తప్పు మాట, వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారి ఫోటో ఇప్పుడు మా గదిలో, నా మంచం పక్కన గోడకు ఉంది. నువ్వు అడిగినప్పుడు ఇవ్వలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం నేనే పట్టుకుని పార్కుకు వస్తాను. ఒక నెల మీ దగ్గర ఉంచండి, తర్వాత మా దగ్గరికి పంపండి.

ఏప్రిల్ 26కు దగ్గరలో వచ్చే ఆదివారం ఫునాకోషి గారిని తలుచుకుని రెండు వర్గాలూ కలిసి చేద్దామని మావాళ్ళలో కొందరు అంటున్నారు. స్థలం టౌన్ గార్డెన్ మెట్ల పైన, మాస్టారు మొదటి నలుగురితో మొదలుపెట్టిన చోటు. పొద్దున ఏడున్నరకు. నీళ్ళ సీసా, టవలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. చెయ్యి దెబ్బ తగిలిన తమ్ముడు కూడా వస్తానన్నాడు, కూర్చుని చూస్తాడట. ఇడ్లీల సంగతి నేను చూసుకుంటాను. ఎంతమందికి చెప్పాలో ముందు రోజు రాత్రిలోగా ఎవరి పెద్దకు వాళ్ళు చెప్పండి.